అట్ట చూస్తే పాట తెలుస్తది

కొండగట్టు గుడి ముందర దుకాణాల్లో కొబ్బరికాయలు, కుంకుమ పొట్లాలు, చేతికి కట్టుకునే దారాల పక్కనే అరచేయంత పుస్తకాలు వేలాడుతుంటాయి. చాలీసా, దండకం, భజన పాటలు. మధ్యలో రెండు పిన్నులు, లోపల పలుచటి న్యూస్‌ప్రింట్ కాగితం. అట్ట మీద మాత్రం ఎక్కడా పిసినారితనం ఉండదు. సింధూరం రంగు నేల, చేతిలో సంజీవని కొండతో అంజన్న, నల్ల అంచు కట్టిన పసుపుపచ్చ అక్షరాలు. చదువురాని ముసలమ్మ కూడా ఎవరినీ అడగకుండా తనకు కావలసింది తీసుకుంటుంది. ఆమె చదివింది అక్షరాన్ని కాదు, రంగును.

అక్కడి నుంచి వేములవాడ పోతే సింధూరం తగ్గి నీలం పెరుగుతుంది. జటలో గంగ, పక్కన రాజన్న కోడె. ఒగ్గు కథల క్యాసెట్ల కాలంలో అయితే పసుపు. మల్లన్న పాట అంటే బండారి పసుపే మరి, ఇంకో రంగు వేస్తే ఎవరూ నమ్మరు. ఒగ్గు కథను ఊరూరా పలికించిన మిద్దె రాములుది వేములవాడ పక్కనున్న హన్మాజిపేట. జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి 1931లో పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఒకరి పాట డోలు మీద పుడితే, ఇంకొకరిది 1962లో ‘గులేబకావళి కథ’తో వెండితెర మీదికి ఎక్కింది. ఊరు ఒకటే, అట్టలు వేరు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో సంగీతం మీద పత్రిక నడిచిందని చెప్పడానికి ఈ కథనం రాయడం లేదు. తెలుగులోనే అలాంటివి అరుదు. 2001లో కె.ఐ. వరప్రసాదరెడ్డి చేయూతతో, రాజా సంపాదకత్వంలో ‘హాసం’ అనే హాస్య సంగీత పత్రిక వచ్చింది. పాత సినిమా పాటను ప్రాణంగా ప్రేమించేవాళ్లు దాన్ని దాచుకున్నారు, ఇప్పటికీ కొందరి బీరువాల్లో ఉంది. కొన్నేళ్లకే ఆగింది. మరి పాటకు వేషం వేసే పని ఇక్కడ ఎవరు చేశారంటే, పత్రికలు కాదు, పాటల పుస్తకాలు, క్యాసెట్ లోపలి మడత కాగితాలు, గోడ పోస్టర్లు, ఇప్పుడు యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు.

బయటి దేశాల్లో పాటకు ఇలా వేషం వేయడం పెద్ద విద్య. బ్రిటన్‌లో 1978లో మొదలైన ‘స్మాష్ హిట్స్’ స్కూలు పిల్లల కోసం మెరిసే రంగుల్లో పాటల సాహిత్యాన్నే అచ్చు వేసి అమ్ముకుంది. అంటే మన టాకీసు ముందర అమ్మిన పాటల పుస్తకానికి మేనమామ కొడుకు లాంటిది. 1981లో హెవీ మెటల్ అభిమానులకని వచ్చిన ‘కెరాంగ్’ పేరే గిటారు మోత. అమెరికాలో ‘రే గన్’ పత్రికకు పేజీలు కట్టిన డేవిడ్ కార్సన్ మరీ ముందుకు పోయి, ఒక గాయకుడి ఇంటర్వ్యూ చప్పగా ఉందని మొత్తం బొమ్మల గుర్తుల ఫాంటులో అచ్చు వేశాడు. ఒక్క ముక్క చదవడానికి రాదు. కోరుట్ల డీటీపీ సెంటర్లో ఎవరైనా ఆ పని చేస్తే పార్టీ పైసలియ్యడు, పైగా అడ్వాన్స్ వాపసు అడుగుతాడు.

ఈ ప్రాంతంలో అట్ట రంగుకు రాజకీయం కూడా ఉంది. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర నాటికే విప్లవ పాటల బృందం జననాట్యమండలి పాట పల్లెలకు చేరింది. ఆ పాటల పుస్తకం ఎర్రటిది, దాని మీద నల్ల సిరాతో పిడికిలి బొమ్మో, గొంగడి భుజాన వేసుకున్న మనిషో. అప్పట్లో అలాంటి పుస్తకం ఇంట్లో కనబడటమే ఒక నేరం లెక్క. అందుకని కొందరు దానికి బడి పుస్తకం అట్ట తొడిగేవాళ్లు. పాట వేషం మార్చుకోవడం అంటే అదీ. 2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమపు ఆటపాటల ధూంధాం మొదలయ్యాక క్రమంగా ఎరుపు పక్కన గులాబీ వచ్చింది, తెలంగాణ పటం వచ్చింది, బతుకమ్మ ఎత్తుకున్న తెలంగాణ తల్లి వచ్చింది. డోలు, గజ్జె పాతవే. సీడీ అట్ట మాత్రం కొత్త ఇల్లు కట్టుకుంది.

ఇప్పటి సంగతి అసలు సంగతి. 2012లో మల్యాల మండలం లంబాడిపల్లిలో యూట్యూబ్ ఛానెల్ మై విలేజ్ షో మొదలై, అందులో కనిపించిన గంగవ్వ దేశమంతటికీ తెలిశాక, కెమెరా పట్టుకున్న ప్రతి పిల్లగాడికి ధైర్యం వచ్చింది. పెండ్లి ఫోటోలు తీసే స్టూడియోలే జానపద పాటలకు ఎడిటింగ్ రూములయ్యాయి. థంబ్‌నెయిల్ చేసే పోరలకు ఎవరూ డిజైన్ పాఠం చెప్పలేదు గానీ ఎవరి పాటకు ఏం పెట్టాలో నిద్రలో లేపినా చెప్తారు. లవ్ ఫెయిల్యూర్ పాటయితే వాన, చీకటి నీలం, తల వంచుకున్న పిలగాడు, వెనక మసకగా పెండ్లిబట్టల్లో పిల్ల. బరాత్ డీజే పాటయితే నిప్పురవ్వలు, స్పీకర్ డబ్బాలు, బంగారు రంగు అక్షరాలు. గల్ఫ్ పాటయితే ఒక మూల విమానం, ఇంకో మూల చంటిపిల్లతో ఇల్లాలు, మధ్యలో ఇసుక. మొహర్రం పీరీల పాటయితే ఆకుపచ్చ. అక్షరం మాత్రం అన్నిట్లో బొద్దుగా ఉండాల్సిందే, చూసే తెర బొటనవేలంత కాబట్టి. పెద్దన, ధూర్జటి, సూరన్న అని ప్రబంధ కవుల పేర్లతో మంచి తెలుగు ఫాంట్లు వచ్చాయి. ఆ కవుల పేరు మీదున్న అక్షరాల్లో ‘సూపర్‌హిట్ డీజే సాంగ్’ అని రాసి ఉంటే నాకు నవ్వొస్తుంది, కానీ తప్పేముంది?

బతుకమ్మ పాటది ఇంకో లెక్క. తంగేడు పసుపు, రంగులద్దిన గునుగు, పట్టుచీరలో నడుమ నిలబడ్డ గాయని. చీర మాట వచ్చింది కాబట్టి, 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు నేసింది సిరిసిల్ల సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద. సాంచెల సప్పుడులో పక్కవాడి మాటే వినపడదు, అక్కడ పాటను చెవి కంటే ముందు కన్నే పట్టుకోవాలి.

నాకున్న ఫిర్యాదు ఒకటే. పాత పాటల పుస్తకంలో రాసినవాళ్ల పేరుకు ఒక చోటు ఉండేది. థంబ్‌నెయిల్ మీద నటి మొహం, డాన్స్ మాస్టర్ మొహం, నిర్మాత మొహం, ఆయన కొడుకు మొహం కూడా పడుతున్నాయి. రాసినవాడి పేరు కావాలంటే కిందికి జరిపి జరిపి వెతకాలి, అక్కడా అక్షరదోషంతో ఉంటుంది.

కోరుట్లలో ఒక అరుగు మీద మధ్యాహ్నం బీడీలు చుడుతున్న ఒకామె ఫోనును చాట అంచుకు ఆనించి పెట్టుకుంది. పాట అయిపోయింది. వేళ్లకు తంబాకు దుమ్ము. ఆమె వేలి కణుపుతో తెరను పైకి జరిపింది, రెండు నీలం బొమ్మలను దాటేసి పసుపుపచ్చది కనబడగానే ఆపింది.