సి-56: యుద్ధానికి వెళ్లిన చిన్న ఇంజన్

బొగ్గు ఇంజన్లంటే ఇష్టపడేవాళ్లలో ఎక్కువమంది భారీ ఇంజన్ల వెంట పడతారు. చక్రం మనిషి ఎత్తు ఉండాలి, కూత ఊరవతలికి వినిపించాలి. నా మనసు మాత్రం చిన్న ఇంజన్ల మీదే ఉంటుంది. తక్కువ బరువుతో, నాసి పట్టాల మీద, కొండ ఎక్కుతూ బండిని లాక్కుపోవాలంటే ఆ ఇంజన్‌ని గీసిన ఇంజనీరు ప్రతి అంగుళం దగ్గరా ఆగి ఆలోచించి ఉండాలి. జపాన్ వారి సి-56 అలా పుట్టిన ఇంజన్. దాని గురించి రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది నడిచిన ఒక దారి మన తెలుగువాళ్లు కూడా చెమటోడ్చి, ప్రాణాలొడ్డి వేసిన దారి.

జపాన్ ప్రభుత్వ రైల్వేలో ఇంజన్ పేరు చూస్తే దాని సంగతి సగం తెలిసిపోతుంది. ‘సి’ అంటే బండిని లాగే ఇరుసులు మూడని అర్థం. అంకె 50 గానీ ఆ పైన గానీ అయితే వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ ఉందని అర్థం. అంతకుముందే సి-12 అనే ఇంజన్ ఉండేది. అది బొగ్గూ నీళ్లూ తన ఒంటిమీదే పెట్టుకుని తిరిగేది కాబట్టి ఎక్కువ దూరం వెళ్లలేకపోయేది. దానికే టెండర్ తగిలించి 1935లో సి-56ని తెచ్చారు. 1939 నాటికి జపాన్ రైల్వే కోసం 160 తయారయ్యాయి.

ఈ ఇంజన్‌ని వెనక నుంచి చూడాలి. కొండ ప్రాంతాల చిన్న లైన్ల చివర ఇంజన్‌ని తిప్పే టర్న్‌టేబుల్ ఉండదు. వెళ్లేటప్పుడు ముందుకు వెళ్లినా, వచ్చేటప్పుడు వెనక్కి నడుస్తూ రావాల్సిందే. మామూలు టెండర్ అయితే డ్రైవర్ కళ్లకు గోడలా అడ్డొస్తుంది. అందుకని సి-56 టెండర్‌కి పైన రెండు పక్కలా అంచులు కోసేశారు. మధ్యలో బొగ్గు గుట్ట మాత్రం ఎత్తుగా ఉంటుంది, దానికి అటూ ఇటూ ఖాళీ. ఆ ఖాళీలోంచి డ్రైవర్ పట్టాలు చూసుకుంటూ వస్తాడు. దూరం నుంచి ఫొటోలో చూసినా, ఇది సి-56 అని అభిమానులు పోల్చుకునేది ఆ కోత చూసే. జపాన్‌లో మామూలు రైళ్లు అందుకునే అత్యంత ఎత్తైన చోటు, 1,375 మీటర్లది, కోఉమి లైన్లో ఉంది. ఆ లైన్లో తిరిగిన సి-56లకు అక్కడివాళ్లు ముద్దుగా ‘పీఠభూమి పోనీ’ అని పేరు పెట్టుకున్నారు.

ఇంత సాధు ఇంజన్ రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం కళ్లలో ఎందుకు పడింది? ఆ తేలికదనం వల్లే. ఒక్కో ఇరుసు మీద పడే బరువు పదిన్నర టన్నుల చుట్టూ మాత్రమే. ఆగ్నేయాసియాలో పలచటి పట్టాల మీద, కట్టెతో కట్టిన వంతెనల మీద నడవాలంటే అంతకంటే బరువైన ఇంజన్ పనికిరాదు. 1941-42లో మొదటి 90 ఇంజన్లను, అంటే 1 నుంచి 90 నంబరు దాకా, సైన్యం తీసుకుంది. జపాన్‌లో పట్టాల మధ్య ఎడం 1,067 మిల్లీమీటర్లు. థాయిలాండ్, బర్మా, మలయాల్లో ఉన్నది మీటర్ గేజ్. తేడా 67 మిల్లీమీటర్లు. ఒక్కో చక్రాన్ని మూడున్నర సెంటీమీటర్ల లోపు లోపలికి జరిపితే సరిపోతుంది. చక్రాలు సర్ది, ముందు పశువులను తప్పించే ఇనుప కంచె బిగించి, టెండర్ మీద కట్టెలు పేర్చుకునే చట్రం పెట్టి ఓడలెక్కించారు. అక్కడ వాటికి బొగ్గుకి బదులు అడవి కట్టెలే ఇంధనం.

అవి నడిచిన దారుల్లో ఒకటి థాయిలాండ్‌లోని నాంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలోని థాన్‌బ్యుజాయత్ దాకా, 415 కిలోమీటర్లు. బర్మాలో ఉన్న జపాన్ సేనకు తిండి, తూటాలు సముద్రం మీద రంగూన్‌కి చేరాలి. ఆ ఓడల మీద మిత్రరాజ్యాల జలాంతర్గాములు, విమానాలు కాచుకుని దాడి చేసేవి. అడవి లోంచి పట్టాలు వేస్తే ఆ బెడద ఉండదు. బ్రిటిష్ వాళ్లు ఇదే దారిని ఎప్పుడో కొలిచి చూసి, కొండలు, అడవి, వాన, రోగాలు లెక్కేసుకుని వదిలేశారు. జపాన్ సైన్యం దాన్ని 1942లో మొదలుపెట్టి, రెండు చివరల నుంచీ కట్టుకుంటూ వచ్చి, 1943 అక్టోబరు 17న కోన్‌కోయిటా దగ్గర పట్టాలు కలిపేసింది. ఆ నెల 25న ప్రారంభోత్సవంలో పాల్గొన్నది సి-56లలో 31వ నంబరు ఇంజన్.

ఇంజనీరింగ్‌గా చూస్తే ఆ వేగం నమ్మశక్యం కాదు. కానీ ఆ వేగం యంత్రాలతో వచ్చింది కాదు. మలయా తూర్పు తీరం లైను లాంటి చోట్ల పట్టాలు పీక్కొచ్చారు, జావా నుంచి ఉక్కు వంతెన భాగాలు తెచ్చారు. మిగతాదంతా గునపం, పార, తట్ట, మనిషి భుజం. కొండని కోసిన చోట సమ్మెటతో రాతిలోకి ఉలి దించి, మందు పెట్టి పేల్చి, ముక్కల్ని చేతులతో మోసి పారేశారు. 1943లో పని గడువు తగ్గించి, వానాకాలంలో కూడా రాత్రింబవళ్లు తరిమారు. అప్పుడే కలరా వచ్చింది. జపాన్‌కి చిక్కిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు దాదాపు 60 వేల మంది పనిచేస్తే 12 వేలమందికి పైగా పోయారు. ఆసియా కూలీలు సుమారు రెండు లక్షలు. వాళ్లలో ఎంతమంది చనిపోయారో ఎవరూ లెక్క రాయలేదు. 90 వేల దాకా ఉంటారని అంచనా.

ఆ కూలీల్లో బర్మావాళ్లు, జావావాళ్లు, మలయావాళ్లు ఉన్నారు. మలయా నుంచి వెళ్లినవాళ్లలో రబ్బరు తోటల తమిళులే ఎక్కువ. వాళ్లతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల (తోటలకు కూలీలను చేర్చే మేస్త్రీల) వెంట మలయా తోటలకు వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలవి. జపాన్ ఆక్రమణతో రబ్బరుకు కొనేవాడు లేడు, తోటల్లో పని ఆగిపోయింది, ఇంట్లో బియ్యం లేవు. రోజుకొక డాలరు కూలీ, తిండి, కొన్నాళ్లకే తిరిగి వచ్చేయొచ్చు అని చెప్పి మొదట పిలిచారు. వచ్చేవాళ్లు తగ్గాక బలవంతంగా లారీలెక్కించారు. సైనిక ఖైదీలకు కనీసం తమ డాక్టర్లు, తమ అధికారులు ఉండేవాళ్లు. తోటల నుంచి వచ్చిన కూలీకి మందిచ్చే మనిషి లేడు, నీళ్లు కాచుకోవాలని చెప్పే మనిషీ లేడు. కలరా వాళ్ల గుడిసెల్ని ఊడ్చిపెట్టేసింది.

రైలు అభిమానిగా నన్ను ఎక్కువ కలచివేసేది లెక్కల సంగతి. ఆ 90 ఇంజన్లలో దాదాపు ప్రతిదాన్నీ అభిమానులు నంబరు పట్టుకుని వెతికారు: ఏ ఫ్యాక్టరీలో పుట్టింది, యుద్ధం తర్వాత థాయ్ రైల్వేలో ఏ కొత్త నంబరు ఇచ్చారు, ఎప్పుడు మూలపడింది అని. యుద్ధఖైదీల అధికారులు కూడా చనిపోయినవాళ్ల పేర్లూ, పూడ్చిన చోట్లూ కాగితాల మీద రాసి దాచారు. 1945 సెప్టెంబరులో ఒక చిన్న బృందం అదే లైను మీద ప్రయాణిస్తూ 144 శ్మశానాల్లో పదివేలకు పైగా సమాధులు గుర్తించింది. వెతికిన వాటిలో దొరకనివి 52 మాత్రమే. అదే లైను పక్కన పడిపోయిన తోట కూలీకి ఊరు, పేరు, తండ్రి పేరు రాసిన చీటీ ఒక్కటి కూడా లేదు. 1990లో కాంచనబురిలో తవ్వితే ఒకేచోట వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. అవి ఎవరివో పేర్లతో చెప్పగలిగేవాళ్లు లేరు. ఇంజన్ నంబర్ల మీద మనవాళ్లు పెట్టే శ్రద్ధలో కొంత ఈ వైపు మళ్లితే, మలేసియాలోని తెలుగు కుటుంబాల్లో ఇంకా మిగిలిన జ్ఞాపకాలనైనా రాసిపెట్టొచ్చు. ఆ తాతల కొడుకులు, కూతుళ్లు ఇప్పుడు ఎనభైలు, తొంభైలు దాటినవాళ్లు. ఆలస్యం చేయడానికి లేదు.

యుద్ధం ముగిశాక థాయ్ రైల్వే తన దగ్గర మిగిలిన సి-56లను పారేయలేదు, 1970ల దాకా మామూలు బళ్లకు వాడుకుంది. 1979లో రెండు ఇంజన్లు జపాన్ తిరిగి వెళ్లాయి. వాటి దారులు వేరయిపోయాయి. ప్రారంభోత్సవపు 31వ నంబరుని మాజీ రైల్వే సైనికులు చందాలు వేసుకుని తెప్పించి టోక్యోలోని యాసుకుని ఆలయానికి ఇచ్చారు. అక్కడి యుద్ధ ప్రదర్శనశాల ముందు హాల్లోనే నల్లగా మెరుస్తూ నిలబడి ఉంటుంది. ఆ దారిలో చచ్చిపోయినవాళ్ల ఊసు దాని పక్కన లేదని విదేశీ సందర్శకులు ఏళ్ల తరబడి విమర్శిస్తూనే ఉన్నారు. ఆ విమర్శ న్యాయమైనది. 44వ నంబరు షిజువోకాలోని ఓయిగావా రైల్వేకి చేరింది. చక్రాలు మళ్లీ 1,067 మిల్లీమీటర్లకు సర్దుకుని పరుగు మొదలుపెట్టింది. 2015లో దానికి ఎర్ర రంగు వేసి, ముందు ముఖం తగిలించి, ‘థామస్’ పిల్లల కథల్లోని జేమ్స్ ఇంజన్‌లా తయారుచేశారు. పిల్లలు కేరింతలు కొడుతూ దాని వెనక పెట్టెల్లో కూర్చునేవాళ్లు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. ఇంజన్ పిల్లల్ని మోయడం మంచిదే. కాకపోతే ఆ రైల్వే వాళ్ల స్టేషన్‌లో ఒక బోర్డు మీద అది వెళ్లొచ్చిన అడవి గురించి నాలుగు వాక్యాలు రాసి ఉండాలని నా కోరిక.

థాయిలాండ్ వెళ్లేవాళ్లు ఈ లైనుని ఇప్పటికీ ఎక్కొచ్చు. బ్యాంకాక్ థాన్‌బురి స్టేషన్ నుంచి నామ్ తోక్ దాకా మామూలు ప్యాసింజరు నడుస్తుంది. కాంచనబురి దాటగానే వచ్చే ఉక్కు వంతెనలో వంపు తిరిగిన భాగాలు అసలువి. మధ్యలో కోణాకారంగా ఉన్న రెండూ యుద్ధం తర్వాత వేసినవి. ఆ పైన వాంపో దగ్గర బండి నడకంత వేగానికి దిగుతుంది. ఒక పక్క చేత్తో తాకేంత దగ్గరగా కొండ, ఇంకో పక్క నది, కింద కట్టె దూలాల వంతెన. నామ్ తోక్ అవతల పట్టాలు తీసేశారు. హెల్‌ఫైర్ పాస్ అనే రాతి కోత దగ్గర మాత్రం ఆ దారిలో నడిచి వెళ్లొచ్చు. పక్కనే ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో తెరిచిన ప్రదర్శనశాల ఉంది.

కాంచనబురిలో పర్యాటకులు వంతెన చూసి, పచ్చటి గడ్డిలో వరుసలు తీర్చిన సైనిక సమాధులు చూసి వెనుదిరుగుతారు. ఆ సమాధులకు కొద్ది దూరంలోనే వాట్ థావర్న్ వరారాం అనే బౌద్ధాలయం ఉంది. ఆసియా కూలీల కోసం కట్టిన స్మారకం ఆ ఆవరణలోనే ఉంది. సైనిక సమాధుల మీద ఉన్నట్టు అక్కడ పేర్లు ఉండవు. మనవాళ్లు ఎవరైనా అటు వెళితే వంతెన మీద ఫొటో దిగాక, బ్యాంకాక్ బండి ఎక్కేలోపు, ఆ గుడికి కూడా వెళ్లి రావాలి.