మీకు తెలుసా? తలుపు వెనక దాక్కున్న లోడింగ్

క్యాప్‌కామ్ సంస్థ 1996లో ప్లేస్టేషన్‌కు తెచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’లో గది మారాలంటే ముందు చీకట్లో ఒక తలుపు కనిపిస్తుంది. కిర్రుమంటూ, తీరిగ్గా తెరుచుకుంటుంది. అవతల ఏముందోనని మనకు గుండె దడ. నిజానికి సీడీలోంచి తర్వాతి గది లోడ్ కావడానికి ఆ వ్యవధి కావాలి!

ఈ ఆటకు ప్రేరణ అదే సంస్థ 1989లో తెచ్చిన ‘స్వీట్ హోమ్’. ‘రెసిడెంట్ ఈవిల్’ దర్శకుడు షింజి మికామి.

ఇందులో జాంబీల కంటే ఎక్కువ భయపెట్టేది పిసినారితనం. తూటాలు చాలవు. మనం ఎంచుకునే రెండు పాత్రల్లో క్రిస్ దగ్గర ఆరు వస్తువులే పడతాయి, జిల్ దగ్గర ఎనిమిది. ఆట సేవ్ చేయాలన్నా టైప్‌రైటర్ వెతుక్కోవాలి, అందులోకి ఇంకు రిబ్బన్ ఉండాలి. రిబ్బన్లూ లెక్కే.

లోపాలా? బోలెడు. కెమెరా కదలదు, మూలుగు వినిపిస్తుంది గానీ మూలిగేవాడు కనపడడు (ఇది లోపమో వరమో చెప్పడం కష్టం). పాత్రను పక్కకు తిప్పడమే ఓ ప్రయాస. ఇక సంభాషణలు మరీ ఘోరం: కిందికి దిగుతున్న పైకప్పు కిందనుంచి జిల్‌ను కాపాడిన సహచరుడు బ్యారీ, కొంచెం ఉంటే శాండ్‌విచ్ అయ్యేదానివని జోకేస్తాడు! జపాన్‌లోనూ ఆ ఇంగ్లిష్ గొంతులే వినిపించారు.

2002లో గేమ్‌క్యూబ్ కోసం మికామి దీన్ని మళ్లీ తీశాడు. అందులో పడిపోయిన జాంబీని తగలబెట్టకపోతే, తల తెగి ఉండకపోతే, అది మరింత వేగంతో లేచొస్తుంది. తగలబెట్టే కిరోసిన్ కూడా కొంచెమే దొరుకుతుంది.