పేరు పేరునా లెక్క

1992-95 బోస్నియా యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారని ఏళ్ల తరబడి అనుకున్నారు. సారాయెవోలోని ఒక పరిశోధన కేంద్రం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పోయారో పేరు పేరునా నమోదు చేసింది. 2007లో వెల్లడించిన జాబితాలో, చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిపి సుమారు 97 వేల పేర్లున్నాయి. వారిలో దాదాపు 40 వేల మంది పౌరులు. ఆ పౌరులలో ఐదింట నాలుగు వంతులకు పైగా ముస్లింలు. యుద్ధం తెచ్చిన ఆకలితో, జబ్బులతో పోయినవారు ఈ లెక్కకు బయటే ఉన్నారు.

సంఖ్య తగ్గినంత మాత్రాన దుఃఖం తగ్గలేదు. అంచనాను ఎవరైనా కొట్టిపారేయవచ్చు. ఊరు, తేదీతో రాసిన పేరును కాదనడం కష్టం. ఆ పేరు వెంటే ఒక వితంతువు, అనాథ బిడ్డలు కనిపిస్తారు. దాతలారా, మీ జకాత్‌ అందుకునేవారిని మేమూ పేరు పేరునా రాసుకోవలసింది అందుకే.