మానేశాకే ఎక్కువ ముప్పు: ఓపియాయిడ్ల నుంచి యువత కోలుకునేదెలా?

మత్తుమందులకు అలవాటుపడిన కుర్రాడు డీ-అడిక్షన్ కేంద్రంలో కొన్ని వారాలుండి ఇంటికి వస్తే, గండం గడిచిందనుకుంటారు పెద్దలు. కానీ హెరాయిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ల విషయంలో ప్రాణాపాయం బాగా పెరిగేది ఆ రోజుల్లోనే.

మన దేశానికి ఇది చిన్న సమస్య కాదు. ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. వారిలో దాదాపు 77 లక్షల మందికి సాయం అవసరం.

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

నల్లమందులోని మార్ఫిన్, దాని నుంచి చేసే హెరాయిన్, కృత్రిమంగా తయారయ్యే ఫెంటనిల్, ట్రమడాల్ అన్నీ ఓపియాయిడ్లే. ఇవి నాడీకణాలపై ఉండే ‘మ్యూ’ గ్రాహకాలకు అతుక్కుని నొప్పిని తగ్గిస్తాయి, హాయినిస్తాయి. ఊపిరి లయను నడిపే మెదడు కాండంలోనూ ఇవే గ్రాహకాలు ఉంటాయి. మోతాదు మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా మెదడు స్పందించదు. శ్వాస నెమ్మదించి, చివరకు ఆగిపోతుంది.

రోజూ వాడేవారి శరీరం క్రమంగా పెద్ద మోతాదును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మానేస్తే ఆ శక్తి రోజులు, వారాల్లోనే తగ్గిపోతుంది. కోరిక మాత్రం అంత త్వరగా పోదు. అందుకే మళ్లీ పాత మోతాదే తీసుకున్నవారు ప్రాణాలు కోల్పోతుంటారు.

సగమే తిరిగే తాళంచెవి

ఈ ముప్పును తగ్గించే మందు బ్యుప్రెనార్ఫిన్. ఇదీ ఓపియాయిడే. అవే గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది, కానీ వాటిని పాక్షికంగానే ప్రేరేపిస్తుంది. తాళంలో దూరినా సగమే తిరిగే చెవి లాంటిదన్నమాట. దాంతో ఒళ్లునొప్పులు, వాంతులు, వణుకు వంటి ఉపసంహరణ బాధలు, కోరిక అదుపులో ఉంటాయి. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా శ్వాసపై ప్రభావం పెద్దగా పెరగదు. అయితే మద్యం, నిద్రమాత్రలతో కలిస్తే ఇదీ ప్రమాదమే.

‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు’ అన్న అపోహ వల్ల చాలా కుటుంబాలు ఈ మందును మధ్యలోనే ఆపించేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2005లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. తీవ్రంగా వ్యసనపడిన కౌమారులకూ మందుల చికిత్స అందించాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2016లో సూచించింది. మందుతోపాటు కౌన్సెలింగ్, చదువు లేదా పని, ఇంటి ఆదరణ కావాలి. ఎంతకాలం వాడాలో వైద్యులే నిర్ణయించాలి.

మోతాదు మించితే

పిలిచినా పలకకపోవడం, సూదిమొనంత కనుపాపలు, నెమ్మదించిన శ్వాస, గురగుర శబ్దం, నీలిబారిన పెదవులు దీని గుర్తులు. ‘నిద్రపోతున్నాడులే’ అని వదిలేయకూడదు. వెంటనే 108 లేదా 112కు ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఆగితే, తెలిసినవారు నోటితో శ్వాస అందించాలి. నాలోక్సోన్ అనే మందు గ్రాహకాల నుంచి ఓపియాయిడ్లను తొలగించి నిమిషాల్లో శ్వాసను తిరిగి తెస్తుంది. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. ఆ తర్వాత ఊపిరి మళ్లీ మందగించవచ్చు కాబట్టి, స్పృహ వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

కోలుకునే దారిలో మళ్లీ వాడటం అరుదేమీ కాదు. అప్పుడు తిట్టి గెంటేస్తే ఒంటరిగా, రహస్యంగా వాడతారు. ఊపిరి ఆగినప్పుడు పక్కన ఎవరూ ఉండరు. ఉచిత సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 14446.