మీకు తెలుసా? చేపలను చంపే చెక్కే ఎరువు కూడా

ఇప్ప గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క కుంటలో మిగిలి కొత్త పిల్లలను తినేసే చేపలను చంపుతుంది. రెండు మూడు వారాలు తిరిగేసరికి అదే చెక్క కుంటకు ఎరువవుతుంది. చేపపిల్లలను వదలాల్సింది అప్పుడే.

చెక్కలోని సపోనిన్ మొప్పల గుండా రక్తంలోకి చేరి ఎర్ర కణాలను పగలగొడుతుంది. తేలిన చేపలను వెంటనే వలవేసి తీస్తే నిక్షేపంగా తినొచ్చు.

మోతాదు ఘనపు మీటరు నీటికి 250 గ్రాములు. పది సెంట్ల కుంటలో మీటరు లోతు నీరుంటే సుమారు క్వింటా చెక్క కావాలి. మైలవరం, నందిగామ వైపు వానాధార కుంటల్లో వేసవికి నీరు ఎలాగూ తగ్గుతుంది. అర మీటరుకు దిగాక వేస్తే ఖర్చు సగమే.

పూర్తిగా ఎండితే ఏ బాధా లేదనుకుంటాం గానీ, కొర్రమీను గడుసుది. నేరుగా గాలి పీల్చగలదు కనుక తడి బురదలో దాక్కుని వానల కోసం కాచుకుంటుంది. తర్వాత వదిలిన బొచ్చె, శీలావతి పిల్లలు దాని నోటికే. కుంట రైతు ఇంతగా తరిమే ఈ చేప తెలంగాణకు రాష్ట్ర చేప. బజారులో బొచ్చె కన్నా ఖరీదైనది కూడా!