సోడా రొట్టె: ఈస్ట్ లేకుండా ఎలా పొంగుతుంది?

ఐర్లండ్ ఇళ్లలో తరాలుగా చేసుకునే సోడా రొట్టెకు కావలసినవి నాలుగే: గోధుమపిండి, వంట సోడా, ఉప్పు, మజ్జిగ. ఈస్ట్ ఉండదు, పిండిని గంటల తరబడి నాననివ్వాల్సిన పనీ లేదు. చేసే తీరులో మనకు వింతగా తోచే చాలా నియమాల వెనక ముఖ్య కారణం ఒకటే: ఇందులో పుట్టే గాలి మనకోసం ఆగదు.

ఆ గాలి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈస్ట్ ప్రాణమున్న సూక్ష్మజీవి. పిండిలోని చక్కెరలను తింటూ నెమ్మదిగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. వంట సోడా క్షారం. మజ్జిగ పులుపంతా లాక్టిక్ ఆమ్లానిది. రెండూ కలిసిన మరుక్షణం అదే వాయువు బుడగలు కడుతుంది. అందుకే ఒవెన్ ముందే వేడెక్కి ఉండాలి. కలిపిన పిండిని పక్కనపెట్టి ఇంకో పని చూసుకుంటే బుడగలు జారిపోతాయి, రొట్టె గట్టిపడుతుంది.

ఐర్లండ్‌లో ఎందుకంత వాడుక?

అక్కడి చల్లని, తడి వాతావరణంలో పండే గోధుమలు మెత్తనివి, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ తక్కువ. ఈస్ట్ రొట్టెకు అవి అంతగా నప్పవు, సోడాకు చక్కగా నప్పుతాయి. వెన్న తీయగా మిగిలిన మజ్జిగ ఇంట్లోనే ఉండేది. 19వ శతాబ్దంలో సోడా చవగ్గా దొరకడంతో పద్ధతి స్థిరపడింది. ఒవెన్ లేనివాళ్లు మూతున్న ఇనుప పాత్రను పీట్ (బురదనేల నుంచి తవ్వి తీసే ఇంధనం) నిప్పు మీద పెట్టి, మూతమీద కూడా నిప్పులు వేసి కాల్చేవారు.

ఎలా కలపాలి?

450 గ్రాముల పిండికి టీస్పూను సోడా, టీస్పూను ఉప్పు, సుమారు 350 మిల్లీలీటర్ల మజ్జిగ. సగం మైదా, సగం గోధుమపిండి తీసుకోవచ్చు. గోధుమపిండి తడి ఎక్కువ పీలుస్తుంది కనుక మజ్జిగ ఇంకాస్త పడుతుంది. పల్చటి మజ్జిగకంటే పుల్లటి పెరుగును కొద్ది నీళ్లతో చిలికింది మేలు. సోడాను పిండితో కలిపి తప్పక జల్లించండి. ఉండకట్టినా, ఎక్కువైనా పులుపుకు అందకుండా మిగిలిపోయి సబ్బు రుచి వస్తుంది.

ఎందుకు పిసకకూడదు?

చపాతీ పిండిని ఎంత మర్దిస్తే గ్లూటెన్ అంత సాగుతుంది. ఇక్కడ ఆ సాగుడు రొట్టెను రబ్బరులా చేస్తుంది. పైగా పిసికేకొద్దీ గాలి పోతుంది. పొడి పిండి కనపడకుండా పోగానే చెయ్యి ఆపేయాలి. ముద్ద కాస్త అంటుకుంటూ ఉంటేనే సరైన పదును.

పైన గాటు ఎందుకు?

కాల్చేముందు ముద్దపైన అడ్డంగా, నిలువుగా పెట్టే గాటును శిలువ గుర్తుగా, దీవెనగా భావించేవాళ్లున్నారు. వంటపరంగానూ దానికి పని ఉంది: మందమైన నడిభాగానికి వేడి చేరుతుంది, ఉబ్బేటప్పుడు రొట్టె అడ్డదిడ్డంగా పగలదు.

ఎంతసేపు కాల్చాలి?

220 డిగ్రీల సెల్సియస్‌లో పావుగంట, తర్వాత 200కు తగ్గించి మరో అరగంట. తొలి వేడికి బుడగలు వ్యాకోచిస్తాయి, వాటి చుట్టూ పిండి గట్టిపడి ఆ ఆకారం నిలుస్తుంది. తిరగేసి అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. ఒవెన్ లేకపోతే సగం కొలత చేసుకుని, గాస్కెట్, వెయిట్ తీసేసిన కుక్కర్‌లో అడుగున ఉప్పు పోసి వేడిచేసి, స్టాండు మీద గిన్నె పెట్టి కాల్చండి. పైభాగం ఎర్రబడదు కనుక చివర పెనం మీద తిరగేయండి. చల్లారాకే కోయాలి, లోపలి తేమ సర్దుకోకముందు కోస్తే ముద్దగా ఉంటుంది. కొవ్వు దాదాపు లేని రొట్టె కనుక త్వరగా ఎండుతుంది. ఆ రోజే తినండి, మిగిలింది మర్నాడు పెనం మీద వేడిచేసి వెన్న రాసుకోండి.

మజ్జిగ లేకపోతే?

250 మిల్లీలీటర్ల పాలలో టేబుల్‌స్పూను నిమ్మరసం కలిపి, పది నిమిషాలు ఉంచి వాడండి. అసలు పులుపే లేని వంటకంలో సోడా బదులు బేకింగ్ పౌడర్ వేయాలి. దానిలో సోడాతోపాటు పొడి ఆమ్లం కూడా ఉంటుంది. ఈస్ట్ లేకుండా సోడాతో పొంగే ఏ రొట్టె చేయబోయినా మొదట వెతకాల్సింది ఆ పులుపునే.