విటమిన్ డి కోసం యూవీ ల్యాంప్ కొనాలా? ముందు ఈ నంబర్ చూడండి

చలికాలం మొదలైతే చాలు, ఆన్‌లైన్‌లో ‘సన్‌లైట్ ల్యాంప్’ యాడ్స్ వరుసగా వస్తాయి. ఇంట్లో కూర్చునే విటమిన్ డి అంటారు. కొనే ముందు చూడాల్సింది వాట్స్ కాదు, వేవ్‌లెంగ్త్.

చర్మంలో విటమిన్ డి తయారవ్వాలంటే యూవీ-బీ కావాలి, అంటే 280 నుంచి 315 నానోమీటర్లు. 10,000 లక్స్ అని అమ్మే తెల్ల లైట్లు మూడ్ కోసం, వాటిలో యూవీని తీసేస్తారు. నెయిల్ పాలిష్ ల్యాంపులు 365–405, అది యూవీ-ఏ, డి విషయంలో సున్నా. కరోనా టైమ్‌లో చాలామంది కొన్న 254 నానోమీటర్ల ట్యూబులైతే యూవీ-సీ. వాటి ముందు కూర్చుంటే కళ్లు, చర్మం దెబ్బతింటాయి, ప్రయోగాలు వద్దు. లిస్టింగ్‌లో నానోమీటర్ల నంబరే లేకపోతే ఆ ట్యాబ్ మూసేయండి.

పనిచేసేవి అసలు లేవని కాదు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ డాక్టర్ మైఖేల్ హాలిక్ బృందం చర్మం నమూనాలను 293 నానోమీటర్ల ఎల్ఈడీ కింద పెట్టింది. 32.5 నిమిషాల ఎండలో తయారైన డి కంటే, అర నిమిషం ఎల్ఈడీతో తయారైంది రెట్టింపు పైనే. అమెరికాలో స్పెర్టి కంపెనీ ఇంట్లో వాడే డి ల్యాంప్ అమ్ముతోంది కూడా. లండన్‌లో ఉండే మనవాళ్లు దీని గురించి ఆలోచించారంటే అర్థముంది. అక్కడ డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీలే పైకి వస్తాడు, యూవీ-బీ నేల దాకా దాదాపు రాదు.

మరి మన శ్రీకాళహస్తిలో? డిసెంబర్ 21న కూడా మధ్యాహ్నం సూర్యుడు 52 డిగ్రీల పైనే. మన నీడ మనకంటే పొట్టిగానే పడుతుంది. పక్కనే తిరుపతిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం దీన్ని కొలిచి మరీ చూసింది. చర్మంలో ఉండే 7-డీహైడ్రోకొలెస్ట్రాల్‌ను ఆంప్యూల్స్‌లో నింపి, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో పెట్టారు. ఏడాది పొడవునా డి ఎక్కువగా తయారయ్యేది 11 నుంచి 2 మధ్యే అని తేలింది. 2013లో వచ్చిన ఆ పేపర్‌లో హాలిక్ కూడా ఒక రచయిత. పొద్దుటి లేత ఎండలో కూర్చోమనే మన పెద్దల సలహా హాయిగానే ఉంటుంది గానీ, డి లెక్కలో పెద్దగా రాదు.

నా ఇబ్బంది ఇక్కడే. అమెరికా క్లయింట్, నైట్ షిఫ్ట్, వర్క్ ఫ్రమ్ హోమ్. సరిగ్గా ఆ మూడు గంటలూ నిద్రలో ఉంటాను. మొన్న రిపోర్ట్‌లో 11 నానోగ్రాములు వచ్చింది, 20 లోపు ఉంటే లోపమే. మంచం కిటికీ పక్కకు జరిపినా లాభం లేదు, గాజు యూవీ-బీని ఆపేస్తుంది.

అయినా ల్యాంప్ కొనట్లేదు. చర్మాన్ని నల్లబరిచే యూవీ ట్యానింగ్ మెషీన్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2009లోనే గ్రూప్ 1లో పెట్టింది. డి ల్యాంప్‌దీ అదే జాతి కాంతి, డోస్ తక్కువంతే. డాక్టర్ రాసిన వారానికొక 60,000 యూనిట్ల సాషే చాలా చవక (సొంతంగా మాత్రం వాడొద్దు, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది). ఒంటిగంటకు అలారం పెట్టుకుని, చేతులు మడిచి పావుగంట మిద్దె మీద తిరిగి, మళ్లీ పడుకుంటున్నా. మూడు నెలల తర్వాత టెస్ట్ ఉంది, ఆ నంబర్ ఇక్కడే అప్‌డేట్ చేస్తాను.